విశ్రాంతి దినాన ఇంట్లో రోగి ఉంటే

నిజామాబాద్ జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్ని ఈ వారం ముందుగా తీసుకుంటున్నాను. వారి అమ్మాయి జెరూసలేములో ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పనిలో ఉంది. ముసలావిడకు ఎనభై దాటాయి. చక్కెర వ్యాధి, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. రెండు పూటలా ఇన్సులిను. ఇంటివారు యూదులు, ఆచారం గట్టిగా పాటించేవారు. "శుక్రవారం పొద్దుగూకిన దగ్గర నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లు పొయ్యి వెలిగించరట, స్విచ్చి ముట్టుకోరట, ఫోను ఎత్తరట. మొన్న వేసవిలో ఒక శుక్రవారం రాత్రి ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడిందట. మా పిల్ల చక్కెర నీళ్లు తాగించింది గానీ, డాక్టరుకు ఫోను చేస్తే వాళ్ల దేవుడికి అపచారం అవుతుందేమోనని హడలిపోయిందట. ఇదేం పద్ధతి డాక్టరు గారూ? అలాంటప్పుడు మా పిల్ల ఏం చేయాలి?" అని ఆమె ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను, వివరం తరువాత. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోను చేయాలి. ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఇస్రాయేలులో అంబులెన్సు నంబరు 101. ఇది నా వైద్యం చెప్పే మాటే కాదు, వారి ధర్మశాస్త్రం చెప్పే మాట కూడా. ఈ సంగతి తెలియకనే మీ అమ్మాయి భయపడింది. తెలుసుకుంటే ఆ భయం ఉండదు.

యూదులు ఈ రోజును షబ్బాతు అంటారు. తెలుగు బైబిలు చదివేవారికి విశ్రాంతి దినము అన్న మాట పరిచయమే. దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజున విశ్రమించాడని నమ్మకం. కనుక మనుషులూ ఆ రోజున పని మానాలి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నిర్గమకాండంలోని ఆ ఆజ్ఞలో యజమాని ఒక్కడే కాదు, అతని దాసుడు, దాసి, పశువులు, ఇంట్లో ఉన్న పరదేశి కూడా విశ్రమించాలని ఉంది. ఎద్దుకు కూడా సెలవు రాసిన శాస్త్రం అది.

పని అంటే ఏమిటన్న దానికి వారి పెద్దలు లెక్క కట్టి పెట్టారు. మిష్నా అనే పాత గ్రంథంలో 39 రకాల పనుల పట్టిక ఉంది. దున్నడం, విత్తడం, కోయడం, నూర్చడం, విసరడం, పిండి పిసకడం, కాల్చడం, నూలు వడకడం, నేయడం, రాయడం, రాసింది చెరపడం, నిప్పు వెలిగించడం, ఆర్పడం, వస్తువును ఇంట్లోంచి వీధిలోకి మోయడం, ఇలా సాగుతుంది. కరెంటు వచ్చాక స్విచ్చి నొక్కడం కూడా ఆచారపరులు మానేశారు. అందుకని వెలగవలసిన దీపాలు ముందే వేసి ఉంచుతారు, లేదా టైమరుకు తగిలిస్తారు. ఫ్రిజ్ తలుపు తీయగానే వెలిగే చిన్న బల్బును శుక్రవారమే విప్పి పక్కన పెడతారు. పెద్ద భవనాల్లో లిఫ్టు ఎవరూ మీట నొక్కకుండానే తనంత తానే అంతస్తు అంతస్తుకూ ఆగుతూ పోతుంది. చెవిటి మిషను పెట్టుకునేవారు దాన్ని సాయంత్రమే ఆన్ చేసి ఉంచుకుంటారు. డబ్బు ముట్టుకోరు, కారెక్కరు. యూదులందరూ ఇంత గట్టిగా పాటిస్తారనుకోకండి. దీపాలు పెట్టి, కలిసి భోంచేసి, ఆ తరువాత టీవీ చూసుకునే ఇళ్లూ బోలెడు. మీ అమ్మాయి ఉన్న ఇల్లు గట్టిగా పాటించే ఇల్లు.

శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు ఇల్లాలు కొవ్వొత్తులు వెలిగిస్తుంది. చాలా చోట్ల 18 నిమిషాల ముందు, జెరూసలేములో 40 నిమిషాల ముందు. వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని దీవెన పలుకుతుంది. పిల్లలున్న ఇంట్లో తండ్రి వారి తల మీద చేయి పెట్టి దీవిస్తాడు. తరువాత ద్రాక్షసారా గిన్నె చేత పట్టుకుని కిద్దుష్ అనే ప్రార్థన. దాని తరువాత చేతుల మీద చెంబుతో నీళ్లు పోసుకుని, ఖల్లా అనే జడలా అల్లిన రొట్టెలు రెండు ముందు పెట్టుకుని భోజనం. రెండెందుకంటే, ఎడారిలో దేవుడు ఇచ్చిన మన్నా శుక్రవారం రెండింతలు దొరికేదట. ఆ జ్ఞాపకం. మర్నాడు పొద్దున ప్రార్థన మందిరానికి వెళ్లి వచ్చాక రెండో భోజనం, ఆ తరువాత మంచి నిద్ర, పొద్దు వాలుతుండగా మూడో భోజనం. ఆకాశంలో మూడు చుక్కలు కనపడ్డాక హవ్దలా. పాయలు అల్లిన కొవ్వొత్తి వెలిగించి, లవంగాలు, దాల్చినచెక్క వంటి సుగంధ ద్రవ్యాలు ఇంటిల్లిపాదీ వాసన చూసి, వారం మళ్లీ మొదలుపెడతారు. వెరసి సుమారు 25 గంటలు.

చదువుతుంటే హాయిగానే ఉంది. కాని ఆ హాయి వెనక శుక్రవారం ఉంది. మూడు భోజనాల వంట, ఇల్లు ఊడ్చి తుడవడం, బట్టలు, స్నానాలు అన్నీ పొద్దువాలే లోపల అయిపోవాలి. గడియారం ఎవరి కోసమూ ఆగదు. శనివారం విశ్రాంతి మొత్తం ఇంటికి వస్తుంది, శుక్రవారం నడుం నొప్పి మాత్రం ఎక్కువగా ఆడవారికే వస్తుంది. మన ఆదివారం దీనికన్నా మెరుగని నేననను. ఆదివారం మన ఆడవారికి రెండు కూరలు ఎక్కువ, నాలుగు బకెట్ల బట్టలు ఎక్కువ.

ఇక వైద్యం. మీ ఉత్తరంలో ఉన్న చెమటలు, మాట తడబాటు రక్తంలో చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. ఎందుకు పడిపోయిందో ఆలోచించండి. జెరూసలేములో జూన్, జూలై నెలల్లో సూర్యుడు రాత్రి ఎనిమిదికి కాస్త ముందుగా అస్తమిస్తాడు. ఆ తరువాత మగవారు మందిరం నుంచి రావాలి, కిద్దుష్ కావాలి, చేతులు కడగాలి, అప్పుడు రొట్టె. భోజనం తొమ్మిదికి గాని మొదలుకాదు. మీ అమ్మాయి మిగతా రోజుల్లాగే ఏడు గంటలకు ఇన్సులిను ఇచ్చి ఉంటుంది. మందు ఏడింటికి, అన్నం తొమ్మిదింటికి. అందులో వింతేముంది? డిసెంబరులో ఇది తలకిందులవుతుంది. సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగూకుతుంది, భోజనం ముందుకు జరుగుతుంది, రాత్రి నిడివి పెరుగుతుంది. అంటే ఈ ఇంట్లో శుక్రవారం రాత్రి భోజనం వేళ ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటుంది. ఇన్సులిను వేళ దానితో పాటు జరగాలి. ఎంత, ఎప్పుడు అన్నది ఆమెను చూసే డాక్టరు చెప్పాలి. వేసవికీ చలికాలానికీ వేరువేరుగా రాయించుకోమనండి. నేను ఇక్కడ కూర్చుని మోతాదు చెప్పడం తప్పు.

శనివారం పొద్దున కూడా ఇదే చిక్కు. ప్రార్థన, కిద్దుష్ కాకుండా తినకూడదని పెద్దవారు పట్టుబట్టి కూర్చుంటారు. రోగికి ఆ నియమం లేదని వారి శాస్త్రమే చెబుతుంది. ఆ మాట మీ అమ్మాయి చెబితే వినకపోవచ్చు. ముసలావిడ కొడుకో కూతురో వారి గురువు చేత, అంటే రబ్బీ చేత, చెప్పించాలి. మన ఏకాదశి ఉపవాసం రోగుల విషయంలో నేను ఇంటి పురోహితుడి సాయం తీసుకున్న సందర్భాలు లేకపోలేదు. మాత్ర కన్నా ఆయన మాట బాగా పనిచేసింది.

చక్కెర పడిపోయినప్పుడు చేయవలసింది ఇది. స్పృహ ఉండి, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి, లేదా సగం గ్లాసు పండ్లరసం ఇవ్వాలి. 15 నిమిషాల తరువాత మిషనుతో మళ్లీ పరీక్ష చేయాలి. పెరగకపోతే ఇంకొకసారి ఇవ్వాలి. పెరిగాక రొట్టె ముక్కో, బిస్కట్లో తినిపించాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 101 కు ఫోను చేయాలి. మీ అమ్మాయి చక్కెర నీళ్లు పట్టడం మంచి పని. ఆమెను మెచ్చుకున్నానని చెప్పండి.

కిద్దుష్ గిన్నెలో ద్రాక్షసారాకు బదులు చాలా ఇళ్లలో ద్రాక్షరసం పోస్తారు. మందులు వాడే ముసలివారికి సారా కన్నా అది మేలే గాని, అందులో చక్కెర ఎక్కువ. 100 మిల్లీలీటర్లకు సుమారు 15 గ్రాములు. పెద్ద గ్లాసు నిండా పోయనక్కరలేదు, చిన్న గిన్నె చాలు. గుండె జబ్బు ఉంది కనుక ఉప్పు కూడా చూడాలి. యూదుల పద్ధతిలో మాంసంలోని రక్తం పోవడానికి ఉప్పు పట్టించి ఉంచి, తరువాత కడుగుతారు. కడిగినా కొంత ఉప్పు మిగులుతుంది. ఆ మాంసం వేసిన సూపులో మళ్లీ ఉప్పు వేస్తే ఆదివారం పొద్దునకు కాళ్లు వాచి ఆయాసం రావచ్చు.

వంట సంగతికి వస్తే, నిప్పు వెలిగించకూడదు గనుక శనివారం వేడి అన్నానికి వారు కనిపెట్టిన ఉపాయం బాగుంటుంది. చిక్కుడు జాతి గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, మాంసం ఒక పెద్ద గిన్నెలో వేసి శుక్రవారం పొద్దుండగానే సన్నసెగ మీద పెట్టేస్తారు. రాత్రంతా ఉడుకుతూనే ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం దించుకుని తింటారు. ఐరోపా యూదులు దాన్ని చోలెంట్ అంటారు, తూర్పు దేశాల యూదులు హమీన్ అంటారు. ఆరోగ్యరీత్యా రెండు జాగ్రత్తలు. రాజ్మా గింజలు వేస్తే వాటిని ముందు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాకే సన్నసెగకు మార్చాలి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. అది సన్నసెగకు చావదు. నాలుగు గింజలకే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. రెండోది, గిన్నె చివరిదాకా పొగలు కక్కుతూ ఉంటే భయం లేదు. 60 డిగ్రీల పైన క్రిములు పెరగవు. టైమరుతో ప్లేటు ఆరిపోయి, గిన్నె గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే ఆ మిగిలింది ముసలివారికి పెట్టకూడదు. మన పెళ్ళిళ్లలో సాంబారు తిని ఆసుపత్రికి వచ్చేవారి కథ కూడా తరచుగా ఇదే.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతి. 25 గంటలు ఆర్పకుండా వదిలిన వేడి ప్లేటు. 2015 మార్చిలో న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతంలో ఒక ఇంట్లో షబ్బాతు కోసం వేసి ఉంచిన ప్లేటు నుంచి నిప్పు అంటుకుంది. ఒకే తల్లి బిడ్డలు ఏడుగురు పోయారు. కింది అంతస్తులో తప్ప పడక గదుల దగ్గర పొగను పసిగట్టి మోగే అలారం లేదు. కనుక మీ అమ్మాయి చూడవలసినవి ఇవి. ప్లేటు గోడకూ, కర్టెనుకూ దూరంగా, కాలని బల్ల మీద ఉండాలి. వైరు నలిగి ఉండకూడదు. పడక గది దగ్గర పొగ అలారం పనిచేస్తూ ఉండాలి. బ్యాటరీ శుక్రవారం పొద్దున చూసుకోవాలి. గ్యాసు పొయ్యి రాత్రంతా వెలిగే ఇంట్లో కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. చలి వేస్తోందని అన్నీ బిగించుకుంటే కంటికి కనపడని విషవాయువు పేరుకుంటుంది. ముసలావిడకు ఎప్పుడైనా ఆక్సిజన్ పెట్టవలసి వస్తే ఆ గదిలో కొవ్వొత్తి ఉండనే కూడదు. వారి ఆచారంలో బల్బు దీపం వెలిగించి దీవెన పలికే వెసులుబాటు ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. ఇంటివారిని అడగమనండి.

మరుగు నీళ్ల డ్రమ్ము ఇంకొకటి. టీ కోసం కరెంటు డ్రమ్ములో నీళ్లు రోజంతా కాగుతూ ఉంటాయి. మనవలు వచ్చే ఇంట్లో దాని వైరు బల్ల అంచు నుంచి వేలాడకూడదు, పిల్లలు లాగుతారు. నీళ్లు మీద పడితే కొళాయి కింద చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు. పేస్టు, సిరా, వెన్న, కోడిగుడ్డు ఏమీ పూయకూడదు. ఇంత చెప్పినా ఈ వారం కూడా ఎవరో ఒకరు పేస్టు పూసుకునే వస్తారు, నాకు తెలుసు.

ఇక శాస్త్రం మాట. ప్రాణరక్షణ కోసం షబ్బాతు నియమాలు పక్కన పెట్టవచ్చు అనడం కాదు, పెట్టి తీరాలి అంటారు వారు. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. ప్రాణం ఉంటే ఆ మనిషి ఇంకా ఎన్నో షబ్బాతులు పాటిస్తాడు గదా, వాటి కోసం ఈ ఒక్కటి పోతే పోనీ అన్నది తాల్ముదులోని వాదనల్లో ఒకటి. ప్రమాదం నిశ్చయంగా తెలియకపోయినా, అనుమానం చాలు. గురువును అడిగి వస్తానని ఆలస్యం చేసేవాడిని నిందించారు, తొందరపడేవాడిని మెచ్చుకున్నారు. పన్నెండో శతాబ్దంలో మైమొనిదీస్ అనే మహాపండితుడు ఉండేవాడు. ఈజిప్టులో రాజాస్థానపు వైద్యుడు కూడాను. ఇలాంటి అత్యవసరంలో పనిని పిల్లల చేతా, అన్యమతస్థుల చేతా చేయించి తప్పించుకోకుండా, పండితులూ పెద్దలే ముందుండి చేయాలని ఆయన రాశాడు. ఎందుకో ఊహించండి. పెద్దవారు వెనకాడితే, చూసేవారు అది పాపమని అనుకుంటారు. మరొకసారి ఎవరూ ముందుకు రారు. వైద్యుడు రాసిన ధర్మశాస్త్రం అంటే ఇలా ఉంటుంది.

కనుక ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక చేయి పడిపోవడం, కింద పడి తలకు దెబ్బ, స్పృహ తప్పడం, ఎక్కువ జ్వరం, వీటిలో ఏది వచ్చినా ఫోను ముందు, అడగడం తరువాత. మీ అమ్మాయి వెనకాడితే ఆ ఇంటి పెద్దే ఫోను అందుకుంటాడని నా నమ్మకం.

ప్రాణం మీదికి రాని చిన్న నలతల సంగతి కొంచెం వేరు. పూర్వం మందులు నూరవలసి వచ్చేది. నూరడం 39 పనుల్లో ఒకటి. అందుకని కాస్త తలనొప్పి, కాస్త అజీర్ణం ఉన్నప్పుడు షబ్బాతు నాడు మందు వేసుకోకూడదని పాత పెద్దలు కట్టడి చేశారు. మంచం పట్టిన రోగికి ఈ కట్టడి లేదు. రోజూ వాడే మాత్రలు, ఇన్సులిను ఈ ముసలావిడ ఆపనే కూడదు. ఒక్క శనివారమే కదా అని గుండె మాత్ర మానేసే రోగులు అన్ని మతాల్లోనూ ఉంటారు.

మీ అమ్మాయి ఇంకొకటి గమనించాలి. షబ్బాతు నాడు అన్యమతస్థులకు పని పురమాయించడం కూడా వారికి మామూలుగా కూడదు, రోగి అవసరానికైతే తప్ప. అందుకని కొందరు నేరుగా "ఫ్యాను వెయ్యి" అనరు. "ఈ గదిలో ఉక్కగా ఉంది సుమా" అంటారు. మాట అర్థం చేసుకుని వేస్తే సరి. మన ఇళ్లలో అత్తగారు కోడలితో ఎన్నో పనులు ఈ భాషలోనే చెప్పేవారు, కొత్తేమీ కాదు. అయితే రోగి విషయంలో సూచనల మీద ఆధారపడకూడదు. "నొప్పిగా ఉందా, ఎక్కడ, ఎప్పటి నుంచి" అని మీ అమ్మాయే అడగాలి. షబ్బాతు పాడవుతుందని నొప్పిని దాచుకునే ముసలివారు ఉంటారు.

ఈ ఆచారం మనకు మరీ దూరమేమీ కాదు. మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనే ఇస్రాయేలు అనే యూదులు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం గానుగ ఆపేవారు గనుక ఊరివారు వారిని శనివారపు తేలీలు అన్నారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు యూదుల పద్ధతిలో విశ్రాంతి దినాన్ని పాటిస్తున్నాయి. వారిలో పేద కూలీలే ఎక్కువ. రోజు కూలి మీద బతికే మనిషికి శనివారం పని మానడం అంటే ఒక రోజు కూలి పోవడమే. ఉద్యోగస్తుల సెలవుతో దాన్ని పోల్చకూడదు.

మీ అమ్మాయి విశ్రాంతి సంగతి మీరు అడగలేదు గాని నేనే అడుగుతాను. ఇంటిల్లిపాదీ విశ్రమించే రోజున రోగి పక్కన మెలకువగా ఉండేది ఎవరు? రాత్రి రెండుసార్లు లేచి ముసలావిడను పక్కకు తిప్పేది ఎవరు? అక్కడ ఇళ్లలో ఉండి రోగులను చూసుకునే పనివారికి కూడా వారానికి ఒక రోజు విశ్రాంతి హక్కుగా ఉంది. అది శనివారమే కానక్కరలేదు. ఆ రోజున ఆమె బయటికి వెళ్లాలి, నిద్రపోవాలి, మీతో తనివితీరా మాట్లాడాలి. డబ్బు వస్తుందని ఆ రోజు కూడా పని ఒప్పుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి నడుం, నిద్ర రెండూ పాడవుతాయి. శుక్రవారం రాత్రి ఆమె ఫోను ఎత్తకపోతే మీరు కంగారు పడకండి. అక్కడి గడియారం మనకన్నా వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంటివారి ముందు ఫోను తీయడం బాగుండదని ఊరుకుని ఉంటుంది. ఆదివారం పొద్దున మాట్లాడండి.

అప్పుడు ఈ మాట చెప్పండి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, అందరూ హడావిడిలో పడకముందే, ఇంటివారిలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం రాయించాలి. రాత్రి భోజనం ఎన్ని గంటలకు, ఇన్సులిను ఎన్ని గంటలకు, ఎంత, మర్నాడు పొద్దున ఏమి తినాలి, ఏ మాత్ర ఎప్పుడు, డాక్టరు నంబరు, ఇంటి చిరునామా. చిరునామా వారి హీబ్రూ భాషలోనూ, పలికే తీరు తెలుగు అక్షరాల్లోనూ ఉండాలి. అంబులెన్సు వారు అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. పక్కనే చక్కెర డబ్బా, మూత వదులు చేసి.